ఫిట్టరుగారి స్టీలు స్కేలు

క్యాంపస్ చెరువు దగ్గరి పాత బోర్డు మీద రూలు రాసింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

యూనివర్సిటీలో చేపల గురించి పాఠాలు చెబుతాను. ఆదివారం పొద్దున్నే తార్నాక నుంచి, లాలాగూడ నుంచి సరదాకి గాలం వేయడానికి వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. చెరువులో కొర్రమీనులు తగ్గిపోతున్నాయి, కారణం వీళ్లేనని నా నమ్మకం. రానివ్వొద్దని ఆఫీసు చుట్టూ తిరిగాను. "ముందు ఒక రూలు రాసివ్వండి, చూద్దాం" అన్నారు. కోపం మీద అయిదు నిమిషాల్లో రాసిచ్చాను: అడుగు కన్నా చిన్న చేప పడితే తిరిగి నీళ్లలో వదలాలి. వీళ్లు ఎలాగూ పాటించరు, అప్పుడు తరిమేయొచ్చు అనుకున్నాను.

పాటించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్లలో పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. జేబులో స్టీలు స్కేలుతో వచ్చి, ప్రతి చేపనూ తోక సవరించి మరీ కొలిచేవాడు. ఒక్క గీత తగ్గినా వదిలేసేవాడు. మన చేపల తిండి లాక్కునే బయటి దేశపు తిలాపియాను కూడా అంతే శ్రద్ధగా వదిలేవాడు. అది అడుగు దాకా ఎదిగేదెప్పుడు? రెండేళ్లలో చెరువు నిండా అవే. అడుగు దాటిన కొర్రమీనులు మాత్రం రూలు ప్రకారమే సంచుల్లోకి వెళ్లాయి.

ఒక వానాకాలం ఉదయం ఆయన గాలానికి పెద్ద కొర్రమీను పడింది. తప్పు దొరుకుతుందేమోనని నేను పక్కనే కాచుకుని ఉన్నాను. ఆయన కొలిచి, నీళ్లకేసి చూశాడు. ఎర్రటి చేపపిల్లల గుంపు ఒకటి ఒడ్డు దగ్గర కాపలా లేక కొట్టుమిట్టాడుతోంది.

"గీ రూల్ ప్రకారం ఇది నాదే సార్. కానీ పిల్లల తల్లి గద, ఎట్ల తీస్కపోత?" అంటూ మెల్లగా వదిలేశాడు. "గా బోర్డు ఎవరు రాసిన్రో గానీ, కొర్రమీను సంగతి తెల్వదు పాపం."

కొర్రమీను పిల్లల్ని కాచుకునే తీరు మీద నేను ఏటా గంటసేపు పాఠం చెబుతాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే రాసిన అన్నా" అన్నాను.

కడుపుబ్బ నవ్వాడు. "అయితే మార్పిద్దాం తీయిన్రి."

అందరిచేతా సంతకాలు పెట్టించి ఆయనే అర్జీ ఇచ్చాడు. వానాకాలమంతా గాలాలు బంద్. మిగతా రోజుల్లో కొర్రమీను ఎంత పెద్దదైనా నీళ్లలోకే, తిలాపియా ఎంత చిన్నదైనా సంచిలోకే. తమ ఆదివారాలు తామే తగ్గించుకునేవాళ్లు ఉంటారని ఆఫీసులో ఎవరూ అనుకోలేదు. కాగితం రెండుసార్లు చదివి సరేనన్నారు.

మొన్న వానల్లో వెళ్తే ఆయన గాలం లేకుండా మిర్చీ బజ్జీల పొట్లంతో ఒడ్డున కూర్చుని ఉన్నాడు.

"రెండు పిల్లల గుంపులున్నయ్ సార్. గాడొకటి, గీడొకటి."

"ఎంత పొడుగున్నయ్?" అన్నాను.

జేబు తడుముకున్నాడు. "స్కేలు ఇంట్లనే పెట్టొచ్చిన. ఇయ్యాల కొలుసుడు లేదు, చూసుడే."

ఈ మనిషినా నేను తరిమేద్దామనుకున్నది! పక్కన కూర్చుని బజ్జీ అందుకున్నాను.