మట్టి అనే మాట

ముందు తీర్పు చెప్పి, తరువాత సాక్ష్యం వెతకడం విద్యావతికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పాలు పలచబడితే పాలవాడు, చీపురు అరిగితే పనిమనిషి, గడియారం ఆగితే పక్కింటివాళ్లు. ఆమె దృష్టిలో లోకంలో దేనికదే పాడయ్యేది ఏదీ లేదు; ఎవరో ఒకరు పాడుచేయవలసిందే.

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో, మేడ మీది రెండు గదుల్లో, పదిహేడేళ్లుగా ఆమె గడ్డం సబ్బు తయారుచేస్తోంది. అరచేతిలో ఇమిడే గుండ్రని బిళ్లలు. ఆ పని తండ్రి నేర్పాడు. ఎప్పుడో మూతపడిన ఒక సబ్బుల కార్ఖానాలో ఆయన బట్టీ దగ్గర పనిచేసేవాడు. నురగ ఎంత పొంగినా చర్మానికీ బ్లేడుకూ నడుమ జారుడు లేకపోతే అది గడ్డానికి పనికిరాదనీ, ఆ జారుడు నీళ్లలో నానితే ఉబ్బి జిగురెక్కే ఒక మెత్తని తెల్ల మట్టి వల్ల వస్తుందనీ ఆయన చెప్పాడు. ఆ మట్టి డబ్బాకు విద్యావతి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకునేది. పదకొండేళ్లుగా పక్కన నిలబడి సబ్బు కలిపే సుబ్బరత్నానికి కూడా దాన్ని తెరిచే హక్కు లేదు.

తయారైన బిళ్లల్లో సగానికి పైగా ఆబిడ్స్‌లో శ్రీహరి నడిపే కటింగ్ షాపుకే వెళతాయి. ఇప్పటికీ గిన్నెలో బ్రష్ తిప్పి నురగ తీసే షాపు అది. అది చేజారితే ఆమె బట్టీ ఆర్పుకోవలసిందే.

రెండు నెలల కిందట ఆ షాపులోనే ఒక గిరాకీ, సబ్బులో మట్టి ఉంటుందని విని పగలబడి నవ్వాడు. "ఔ మల్ల, మొహానికి మట్టి గొట్టి పైసలు గూడ తీసుకుంటున్రు!" విద్యావతికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆ మాటను ఆమె నోటా రానివ్వలేదు, రాతలోనూ రానివ్వలేదు.

ఆ తరువాత తయారైన బిళ్లలు షాపుకు చేరిన వారానికే శ్రీహరి ఫోన్ చేశాడు.

"ఏందక్కా గిది? ముగ్గురి చెంపలు తెగినయి. బ్లేడు వెన్న మీద నడిచినట్టు నడుస్తుండె. ఇప్పుడు గరగర గుంజుతున్నది."

"బ్లేడు మార్చి చూసినవా?"

"మస్తు మార్చిన. సబ్బే గిట్లున్నది. పదిహేను రోజులల్ల సక్కగ చెయ్యి, లేకపోతే ట్యూబుల క్రీమ్ పెట్టుకుంట. తెగిన మొహాలతోని నా షాపు నడవదక్కా."

ఫోన్ పెట్టేయగానే ఆమె మొదట శ్రీహరినే అనుమానించింది. క్రీమ్ కంపెనీవాడు ఏదో ఆశ చూపి ఉంటాడు. అరగంట గడిచేసరికి ఆ అనుమానం సుబ్బరత్నం మీదికి మళ్లింది. ఈ మధ్య ఫోన్ వస్తే మెట్ల మీదికి వెళ్లి మాట్లాడుతోంది. ఎవరితో? ఏం మాట్లాడుతోంది?

"సుబ్బరత్నం, ఆ డబ్బా ముట్టినవా?"

"తాళంచెవి మీ కొంగున ఉంటే నేనెలా ముడతానండీ?"

"ఇంకో చెవి చేయించుకునుడు ఎంతసేపు?"

కలియబెడుతున్న గరిటె ఆగిపోయింది. "పదకొండేళ్లు పొగలో కళ్లు పోగొట్టుకున్నాను వదినగారూ. దొంగ అన్న పేరొక్కటే తక్కువైంది, ఇవాళ అదీ ఇచ్చేశారు." సుబ్బరత్నం చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

విద్యావతి ఆపలేదు. వెళ్లిపోవడమే నేరం ఒప్పుకున్నట్టని తనకు తాను చెప్పుకుంది. తలుపు గడియ పెట్టి, డబ్బా తెరిచి, చెంచాడు పొడి గ్లాసుడు నీళ్లలో వేసింది. తండ్రి నేర్పిన పరీక్ష అది. మట్టి అయితే ఉబ్బి గంజిలా మారాలి. ఈ పొడి తిన్నగా అడుక్కు చేరి, కదలకుండా కూర్చుంది. మిగిలిన పొడి మీద నిమ్మకాయ పిండింది. బుసబుసమని పొంగింది. అది మట్టి కాదు, సుద్దపొడి. ఈసారి సరుకు మరింత తెల్లగా వచ్చిందని తాను మురిసిపోవడం గుర్తొచ్చి ఒళ్లు మండింది. సాక్ష్యం చేతికి దొరికింది. ముద్దాయి మళ్లీ మారాడు.

అఫ్జల్‌గంజ్‌లో పొడులు అమ్మే ప్రసన్నకుమార్ ఆమెను చూడగానే స్టూలు జరిపాడు.

"కూసోన్రమ్మా. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ తర్వాత. మట్టి పేరు జెప్పి సుద్ద అంటగడ్తవా? పదేండ్ల సంది కొంటున్న, నా నోట్లనే సుద్ద గొడ్తవా?"

"జర ఆగున్రి." అతడు ఫోన్ తీసి, ఆమె పంపిన మెసేజ్‌నే ఆమెకు చూపించాడు. *తెల్ల సుద్ద మూడు కిలోలు. మంచిది పంపగలరు.* "సుద్ద అంటే సుద్దనే ఇస్తరు గదమ్మా. ముగ్గుపిండి ధంధా గిట్ల షురూ జేసిన్రేమో అనుకున్న."

"మా ఇంట్ల గోడలకు పూసే తెల్లమన్నును గూడ సుద్ద అనే అంటుండె మా అమ్మ."

"మీ ఇంట్ల అంటరు. గీ బజార్ల అనరు. పదేండ్లు మట్టి అనే రాసిన్రు. గిప్పుడు గా మాట రాయనీకి ఏమొచ్చింది?"

విద్యావతి ఆ మెసేజ్‌ను మళ్లీ చదివింది. ఒకడు నవ్వాడని ఆ మాటను దాచింది. అది మళ్లీ ఎవరి చెవినైనా పడుతుందేమోనని సరుకిచ్చేవాడి దగ్గర కూడా దాచింది. తాను అనుమానించిన ముగ్గురూ తప్పు చేయలేదు. ఆ మూడు చెంపలను కోసింది తన అనుమానమే. అసలు మట్టి తూకం వేయించుకుని, చాయ్ తాగకుండానే లేచి, తిన్నగా చాదర్‌ఘాట్‌లో సుబ్బరత్నం ఇంటికి వెళ్లింది.

సుబ్బరత్నం తలుపు సగమే తెరిచింది.

"తప్పు నాది," అంది విద్యావతి. జీవితంలో ఎన్నడూ అలవాటు లేని మాట.

"తప్పు సంగతి సరేనండీ. తాళం సంగతేంటి?"

"తీసేస్త."

"తీసేశాక కబురు పెట్టండి. ముందు నేను చూడాలి." తలుపు మూయబోతూ ఆగింది. "మెట్ల మీద మాట్లాడేది మా అమ్మాయితోనండీ. గదిలో సిగ్నల్ ఉండదు."

తాళం తీసేశాక సుబ్బరత్నం వచ్చి చూసి, మళ్లీ గరిటె అందుకుంది. కొత్త బిళ్లలు ఆరడానికి వారం పట్టింది. గడువుకు ఇంకా రెండు రోజులు ఉండగానే విద్యావతి వాటిని తీసుకుని ఆబిడ్స్‌కు వెళ్లింది. కుర్చీలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. శ్రీహరి కొత్త బిళ్ల మీద బ్రష్ తిప్పి, ఆయన చెంపలకు నురగ పట్టించి, బ్లేడు ఆనించాడు.

"ఏం మార్చినవక్కా?"

ఏమీ మార్చలేదని చెప్పి తప్పించుకోవచ్చు. కుర్చీలో ఆయన వింటున్నాడు.

"పోయినసారి మట్టికి బదులు సుద్ద పడ్డది. రాసుట్ల తప్పు నాదే. గిండ్ల అసలు మట్టి ఉన్నది."

"మట్టా?" పెద్దమనిషి అద్దంలోంచి కళ్లు పెద్దవి చేశాడు. "నా మొహానికా?"

"కదలకున్రి సార్, తెగుతది."

బ్లేడు చెవి దగ్గర మొదలై గడ్డం దాకా ఒక్క ఊపున, ఎక్కడా ఆగకుండా దిగింది. పెద్దమనిషి చెంప తడిమి చూసుకుని కళ్లు మూసుకున్నాడు.

"బాగున్నది," అన్నాడు శ్రీహరి. "సోమవారం నలభై పంపు. గని కాగితం మీద ఏమేం ఏస్తవో రాసియ్యి. మంది అడిగితే నేనెందుకు నీళ్లు నమలాలె?"

ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో అన్న అనుమానం విద్యావతిలో వెంటనే తలెత్తింది. అయినా పెన్ను అడిగి, అక్కడే నిలబడి, మట్టితో మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా పేర్లన్నీ రాసి ఇచ్చింది. పాళ్లు మాత్రం రాయలేదు.