కాకాకు పడిన ఒక్క ఓటు

పాఠక మహాశయులారా, ముందుగా మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవారి గురించి గంభీరంగా రాయాలట. నాకా విద్య అబ్బలేదు. మా కాకా శుక్రవారం పొద్దున దోహాలో, ఆసుపత్రి మంచం మీద పోయాడు.

కాకా నాకు చుట్టం కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలో మేం పనిచేసే గేట్ల షెడ్డుకు యజమాని. అంతకుముందు మిలిటరీలో సిపాయి, ఆపైన జగిత్యాల పక్క ఒక ఊరికి సర్పంచ్. రెండోసారి నిలబడి ఓడిపోయి, ఆ మొహంతో ఊళ్లో తిరగలేక ఇక్కడికొచ్చి ఇనుము వంచడం మొదలుపెట్టాడు. దోహాలోని అల్ హిలాల్ పేటలో చాలా విల్లాలకు ఆయన గేట్లే. బిగించాక ఒక వేలితో తోసి చూసేవాడు. కిర్రుమంటే విప్పించి మళ్లీ షెడ్డుకు తెప్పించేవాడు. "ఇంట్లకు పోయేటోన్ని గేటు తిట్టొద్దురా" అనేవాడు. లెక్కలు రాయడానికి నాకు జీతమిచ్చేవాడు. ఆయన్ని ఎగతాళి చేయడం మాత్రం నేను ఉచితంగా చేసేవాణ్ని.

యజమాని అయినా మాతోపాటే కార్మికుల క్యాంపులో ఉండేవాడు. మడత నలగని ప్యాంటుతో కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాడు. మెస్సుకు పెద్ద ఎవరో తేల్చడానికి ఏటా ఎన్నిక పెట్టించేది ఆయనే. చీటీ మీద గుర్తు గీసి కుక్కర్‌లో వేయాలి. ఏటా తానూ నిలబడేవాడు, ఏటా ఓడేవాడు. జీతమిచ్చే మనిషిని ఇంత నిర్భయంగా ఓడించే కార్మికులు ఖతర్‌లో ఇంకెక్కడా ఉండరు. పోయిన చలికాలం ఒక వెల్డర్ ఆయన మీద పోటీ చేస్తే ప్రచారం నాదే. కాకా గుర్తు గేటు. గేటుకు ఓటేస్తే అన్నం బయటే ఆగిపోతుందని క్యాంపంతా తిరిగి చెప్పాను.

చీటీలు విప్పితే కాకాకు పడింది ఒక్కటే. నీ ఓటు నువ్వే ఏసుకున్నవా అని అందరూ నవ్వారు.

"నేనేసుకోలే" అన్నాడు. "ఓటు అడగాలె గని ఏసుకోవద్దు. నేను కావాలన్నోడు ఒకడున్నడురా ఈడ."

ఆ ఒకడెవడో తెలియక, మరునాటి నుంచి అందరికీ తానే చాయ్ పోసివ్వసాగాడు. గ్లాసు అందిస్తూ ప్రతివాడి మొహంలోకీ ఓ క్షణం చూసేవాడు. నాకు మాత్రం చూడకుండానే ఇచ్చేసేవాడు.

ఆసుపత్రిలో చివరిసారి కలిసినప్పుడూ అదే అడిగాడు. "ఎవడో ఎరుకైందారా? ఒక్కసారి సూస్తే సాలు."

"పొరపాటున క్యాంపు పిల్లికి గూడ ఓటు చీటీ ఇచ్చినట్టున్నం కాకా" అన్నాను.

నవ్వబోయి దగ్గాడు. మంచినీళ్లు తాగించి, శుక్రవారం మళ్లీ వస్తానని బయటపడ్డాను.

ఇవాళ ఎవరూ చాయ్ పెట్టలేదు. గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. కాకాను ఊరికి పంపే పెట్టెను తీసుకుని వ్యాను షెడ్డు ముందు ఓ నిమిషం ఆగింది. ఎవరో ఒక వేలితో తోస్తే గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

ఆయన్ని అన్ని మాటలన్నానే గానీ, నిజంగా చేసింది ఒక్కటే. ఆ చీటీ మీద గేటు గీసింది నేను.