అమ్మకి నేను చెప్పిన క్లైమాక్సు

మా చిన్నప్పుడు... అని నేను నోరు తెరిస్తే చాలు, మా రీడింగ్ రూముకొచ్చే ప్రసాదు నవ్వుతాడు. "పందొమ్మిదేళ్ళోడివి, నీకు చిన్నప్పుడేంట్రా" అంటాడు.

నిన్న టీ కొట్టు దగ్గర ఇంకో మాట కూడా అన్నాడు. "నీకు ఏ సినిమా చివర నచ్చింది గనక? ఎనిమిదిలో బడి మానేసినోడివి, థ్రిల్లరు నీకేం అర్థమవుద్దిలే."

పదిమంది ముందు అన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేశా. రీడింగ్ రూము గోడ పత్రికలో ఈ వారం రాసే వంతు నాది... అందుకని ఇక్కడే చెప్తున్నా.

నిజమే రా ప్రసాదూ. నచ్చలేదు. ఈ నెల్లో నాలుగు చూశాను.

దెయ్యం సినిమాలో గంటన్నరసేపు పాడుబడ్డ బంగళా, తెల్లచీర, ఏడుపు... తీరా చూస్తే ఆస్తి కోసం బాబాయి పెట్టిన టేపు రికార్డరు. అంతసేపు భయపడ్డందుకు సిగ్గేసింది. ఫైటింగు సినిమాలో విలను గుహ నిండా మీటలే, ఎర్ర లైట్లే. ఏది నొక్కితే ఏమవుద్దో వాడికే తెలీదు. చివరికి తప్పు మీట నొక్కి వాడే పోయాడు. ఇంగ్లీషు సినిమాలో రాకెట్టెక్కి వేరే గ్రహానికెళ్ళారు. అంత దూరం పోయి అక్కడా తుపాకులు కాల్చుకున్నారు. ఆ గ్రహానికి రెండు చందమామలున్నాయి... ఒక్కడూ తలెత్తి చూళ్ళేదు.

నాలుగోదాని సంగతి చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది బందరు లైన్లో ఊరు. నాన్నది గుంట మగ్గం. నేసిన చీరలు మూటగట్టుకుని ప్యాసింజర్లో బెజవాడ వన్ టౌనుకి తెచ్చేవాడు. నన్నూ తెచ్చేవాడు. షావుకారు కొట్లో నేను కుదురుగా కూచోనని మ్యాట్నీకి నేల టికెట్టు కొనిచ్చి హాల్లో వదిలేసేవాడు.

షావుకారు చీరలన్నీ విప్పి, చూసి, పంపించేసరికి సాయంత్రం బండి టైమయ్యేది. నాన్న హాలు తలుపు దగ్గర కర్టెను పక్కకి లాగి పిలిచేవాడు. "ఒరే, బండి పోద్ది. లే." తెర మీద కత్తి ఎత్తి ఉండేది... నేను వెనక్కి చూస్తూ నడిచేవాణ్ణి.

అట్లా ఎన్ని సినిమాలు చూశానో. ఒక్కదానికీ చివర చూళ్ళేదు.

ఇంటికెళ్ళాక అమ్మకి కథ చెప్పాలి. అమ్మ రాట్నం ముందు కూచుని నూలు కండెలు చుట్టేది. కండెలు అందకపోతే నాన్న మగ్గం ఆగిపోద్ది, అందుకని లేచేది కాదు. సినిమా హాలు మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. రాట్నం తిప్పుతూనే అడిగేది. "దెయ్యానికి పాదాలున్నాయా?" "హత్య చేసినోడు చేతులు కడుక్కున్నాడా, అట్లాగే అన్నం తిన్నాడా?" చివర తెలీదంటే ఊరుకునేది కాదు. అందుకని నేనే అల్లి చెప్పేవాణ్ణి.

మా చెల్లి జ్వరమొచ్చి చనిపోయిన ఏడు... అమ్మ కథలు అడగడం మానేసింది. రాట్నం తిరిగేది. మాట మాత్రం లేదు.

అప్పుడు చూశాను ఆ థ్రిల్లరు. రైల్లో తల్లి నిద్రపోతుంటే పక్కలోంచి పాపని ఎత్తుకుపోతారు. తల్లి స్టేషను స్టేషనూ దిగి వెతుకుద్ది. దొంగ పాపని వంతెన అంచున నిలబెట్టాడు... అంతలో నాన్న కర్టెను లాగాడు.

ఆ రోజు అమ్మ అడక్కుండానే చెప్పాను. వంతెన దాకా చెప్పి ఆగాను. రాట్నం ఆగింది. అదెప్పుడూ ఆగేది కాదు.

"పాప ఇంటికొచ్చిందా?" అంది.

"వచ్చిందమ్మా. పొద్దున్నే తలుపు కొట్టి, ఆకలేస్తుందంది. వాళ్ళమ్మ పెరుగన్నం కలిపి పెట్టింది."

"నంజుకోడానికి ఏం వేసింది?"

"మాగాయ టెంక."

"అంత చిన్నపిల్లకి కారం కాదంట్రా" అని... నవ్వింది. మూడు నెలల తర్వాత నవ్వింది. లేచి పొయ్యి వెలిగించింది.

నేను చెప్పిన నాలుగోది అదే, పోయిన వారం ఇక్కడ బెజవాడలో మళ్ళీ వేశారు. పోస్టరు చూడగానే అమ్మకి కార్డు రాసి పోస్టు డబ్బాలో పడేశా. 'పాప సినిమా వచ్చింది, చూపిస్తా, రా' అని. ఆ సాయంత్రమే వెళ్ళి మొదటిసారి చివరిదాకా కూచున్నా.

పాప రాదు. వంతెన మీంచి పడిపోద్ది. పాప ఖాళీ గౌను ఒళ్ళో పెట్టుకుని తల్లి అదే రైల్లో కూచునుంటది. అంతే... శుభం కూడా వెయ్యలేదు. లైట్లు వెలిగినా నేను లేవలేదు, గేటు మనిషొచ్చి లేపాడు.

గొప్పగా తీశారు రా ప్రసాదూ. అర్థం కాకేం కాదు. నచ్చలేదు.

అమ్మ పక్కింటి పిల్ల చేత జవాబు రాయించింది. "ఆదివారం వస్తున్నా. పాప తలుపు కొట్టేది ఒక్కటి చూస్తే చాలు నాకు."

ఆదివారం అంటే ఇవాళే. చెప్పేద్దామని నాలుగు రోజుల్నించి అనుకుంటున్నా... ఎట్లా చెప్పాలో తెలీలేదు. నిన్న ఆ ఆలోచనతోనే టీ కొట్టు దగ్గర నిలబడితే, ఏ చివర నచ్చిందిరా అని నువ్వడిగావు.

తలుపు పక్కన కూచుంటాం. వంతెన రాగానే "అమ్మా, బండి పోద్ది, లే" అంటాను. వెనక్కి చూస్తూనే నడుస్తది. మిగతాది నాకు తెలుసు కదా... ప్లాట్‌ఫారం మీద చెప్తా.

కర్టెను లాగినందుకు అప్పట్లో నాన్న మీద ఎంత కోపమొచ్చేదో. ఇవాళ ఆ పని నాకొచ్చింది.

సగంలో లేచొచ్చిన సినిమా మీకూ ఉంటే ఈ కాగితం కింద ఖాళీలో రాయండి. దాని చివరేంటో మాత్రం ఎవరూ రాయొద్దు.

అమ్మొచ్చే బందరు బండి కూత వినపడుతుంది. నేను వెళ్ళాలి.