బంగాళాఖాతం తాడుకు గోదావరిఖని అతుకు

తొంభైల మొదట్లో నేను విశాఖలో సముద్ర ప్రవాహాలు కొలిచే బృందంలో మెకానిక్‌ని. మన తీరం వెంబడి నడిచే పెద్ద ప్రవాహం ఎండాకాలంలో ఉత్తరానికి పోతుంది, వానలు వెళ్లాక దక్షిణానికి మళ్లుతుంది. ఏటా అదే వేళకు మళ్లుతుందా అన్నది తెలియాలంటే, కొలిచే పరికరాన్ని ఉక్కు తాడుతో లంగరుకు కట్టి ఏడాదంతా నీళ్లలో వదిలెయ్యాలి. మొదటి ఏడు కొలత దొరికింది. రెండో ఏడు నేను వేసిన అతుకు దగ్గరే తాడు ఊడింది. తాడును పైకి లాగి నిలబెట్టే బెండుకు వేలాడుతున్న కొస జాలర్లకు దొరికింది, పరికరం మాత్రం గల్లంతు. మిగిలింది ఇంకొక్కటే. గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు లాగే తాళ్లను అతికే పనివాళ్లు గోదావరిఖనిలో ఉన్నారని తెలిసి బయల్దేరాను.

సాయంత్రం విశాఖలో రైలెక్కితే తెల్లారేసరికి కాజీపేట. అక్కడ ప్యాసింజరు పట్టుకుని తొమ్మిదింటికల్లా రామగుండంలో దిగాను. స్టేషన్ నుంచి ఖనికి షేరు ఆటో, మనిషికి మూడు రూపాయలు. డ్రైవరు నా భుజం మీది తాడు చుట్ట చూసి, సంగతి కనుక్కుని, సముద్రమోళ్లు బొగ్గుబాయికి రావడం ఎన్నడూ చూడలేదని దారి పొడుగునా నవ్వాడు.

నేను వెతుక్కుంటూ వెళ్లిన ఖాసిం కాక ఇరవై ఏళ్లుగా బాయిలో, అంటే బొగ్గుగనిలో, తాళ్లు అతుకుతున్నాడు. ఆ రోజు ఆయనకు సెలవు, ఇంట్లోనే దొరికాడు. జొన్నరొట్టె, పుల్లటి పప్పు పెట్టించి, నా కథంతా విని, ఊడిన కొస ఏదని అడిగాడు. సిగ్గుతో సంచి అడుగున దాచుకొచ్చిన దాన్ని తేలేదని అబద్ధమాడాను.

"రోగం జూపియ్యకుంట మందడుగుతవా తమ్మీ?" అన్నాడు.

తీసిచ్చాను. వేలితో తడిమి, "పొట్టిగ అతికినవ్. సక్కగ కనవడాలెనని జేసినవ్, ఇగ పట్టు ఎట్లుంటది?" అన్నాడు. నిజమే, ముచ్చటగా ఉండాలనే అలా చేశాను.

మూడింటి దాకా తాడులోని ఆరు పేటలూ విప్పించి, పొడుగ్గా అల్లించాడు. నేను వేసింది మూడుసార్లు ఊడదీశాడు. నాలుగోది బాగుందన్నాక హమ్మయ్య అనుకున్నాను కానీ ఇల్లు అలకగానే పండగ అవుతుందా? బాయిలో అతుకు వేసినవాడే మొదటి టబ్బు కదిలేటప్పుడు పక్కన నిలబడాలట, తర్వాత షిఫ్టు షిఫ్టుకూ చూసుకోవాలట. నీళ్లలో ఎవరు చూస్తారని అడిగాడు. ఎవరూ చూడరన్నాను.

"ఏడాది సూడకుంటనా? నా పానం కొట్టుకుంటది. పైకొచ్చినంక అతుకు దెచ్చి సూపియ్యి."

పై ఏడాది లంగరు వదిలించగానే పరికరం క్షేమంగా పైకి తేలింది. కాగితం మీద మొదటి ఏటి కొలతల గీత పక్కన కొత్త గీత పెట్టి చూస్తే, ప్రవాహం ఈసారి ఆలస్యంగా మళ్లింది. మావాళ్లంతా ఆ కాగితం మీద వాలిపోయారు. నేను అతుకు కోసుకుని మళ్లీ అదే రైలెక్కాను. కాక తాడుకు పట్టిన సముద్రపు గుల్లలు గీకి, ఒక్కో పేటా బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. "ఇగ నిద్రవడ్తది" అన్నాడు.

ఆ గీత మీద కాక పేరు లేదు, నా పేరూ లేదు. అయినా తలుచుకున్నప్పుడల్లా నాకు సంబరమే. ఖనికి పని నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మీరు పాడుచేసిన ముక్కను సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకోండి.