నాచులో భాలూ

అండమాన్‌లో రంగత్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వస్తుంటే, బస్సులో మా రెండేళ్ల బాలు నా ప్రాణం తీశాడు. పాలు వద్దు, బిస్కెట్ వద్దు, పక్క సీటమ్మాయి ఒళ్లో ఉన్న కాగితం సంచి కావాలి. నేను నీళ్ల సీసా మూత తీసేలోగా అందులో చెయ్యి పెట్టి, ఏదో ఆకుపచ్చది నోట్లో కుక్కుకున్నాడు.

"బాలూ, ఉమ్మెయ్!" అని అరిచాను.

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అందులో భాలూ ఉంటుందని మీకెలా తెలుసు దీదీ?"

"బాలు నా కొడుకమ్మా! ముందు అదేంటో చెప్పు, విషమా?"

"విషం కాదు దీదీ, మా చర్చి గోడ మీది నాచు. అందులో పానీ కా భాలూ ఉంటాయి."

ముందు సీటాయన వెనక్కి తిరిగి, "పానీ కా భాలూ అంటే హిందీలో నీటి ఎలుగుబంటి తల్లీ" అని తీరిగ్గా చెప్పాడు. నేను బాలు బుగ్గలు నొక్కి నోరు తెరిపించాను.

ఆ అమ్మాయి చెప్పుకుంటూ పోయింది: కంటికి కనిపించని జీవులట, ఎనిమిది కాళ్లట. ఈ దీవుల్లో ఎన్ని రకాలున్నాయో ఎవరూ సరిగా చూడలేదట, ఆమె కాలేజీ ప్రాజెక్టు అదేనట. నేను వాడి నోట్లో వేలు పెట్టి కెలుకుతుంటే, వచ్చే నాచు పట్టుకోడానికి ఆమె అరచెయ్యి చాపింది.

"ఆరామ్‌గా, మెల్లగా తియ్యండి దీదీ! క్రిస్మస్‌కని ఆ గోడకి సున్నం కొట్టేశారు, ఇంక దొరకదు."

"మరి వీడి కడుపు సంగతి?"

"ఏం అవదు దీదీ. ఎండిపోయి పడుకున్నాయి కదా, తడి తగిలితే వాటికి మంచిదే, లేస్తాయి."

వాటికి మంచిదేనట! బస్సు దిగేదాకా అందరూ వాణ్ణి భాలూ అనే పిలిచారు, వాడూ పలికాడు. బయటికొచ్చిన ముద్దని ఆ అమ్మాయి భద్రంగా సంచిలో పెట్టుకుంది. లోపలికి ఎంత పోయిందో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.