వెంకట్రావు సార్‌కు రాని ఓటీపీ

నేను రిటైర్ కావడానికి ఇంక ఏడాది ఉన్నదనంగ, ఒక జూన్ నెలల, కరీంనగర్‌ల డాక్టర్ల సంఘం ఒకటి తమ సభ్యత్వ వెబ్‌సైటును కొత్తగ చేయించుకున్నది. వెబ్‌సైట్లు చేసే మా కంపెనీల ప్రాజెక్ట్ మేనేజర్‌గ ఆ పని నాకు పడ్డది. పాత సైటు తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. కొత్తదాంట్ల సభ్యత్వం రెన్యువల్ చేసుకోవచ్చు, సంఘం ఎన్నికల ఓటూ వేయొచ్చు. పాస్‌వర్డ్ ఎవరికీ యాదికుండదని ఓటీపీ పెట్టినం. ఫోన్ నంబర్లు పాత రిజిస్టర్‌ల నుంచి ఉన్నవి ఉన్నట్టు ఎక్కించినం. దీన్ని మేం డేటా మైగ్రేషన్ అంటం. నిజానికి పాత చెత్తను కొత్తింట్లకు మోసుడే.

అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డరు. ఒకరు పిల్లల డాక్టరమ్మ. ఇంకొకరు ఎముకల డాక్టరు వెంకట్రావు సార్, నోరు జర గట్టిది. సార్‌కు వచ్చిన ఓట్లు సున్నా.

తెల్లారి క్లినిక్‌కు పిలిపించిండు. "దినమంత చూసిన, నాకు ఓటీపీ రానే రాలే. ఓటేసినోళ్ల జాబితాల మాత్రం నా పేరున్నది! నీ సైటే దొంగది" అని లేచిండు. సంఘం కమిటీకి రాసి సైటు మూయిస్తా అన్నడు. ఇన్నేండ్లు నౌకరీ చేసి దొంగ అనిపించుకొని ఇంటికి పోవుడా అని నాకు నిజంగనే భయమైంది.

ల్యాప్‌టాప్‌ల లాగ్ తెరిచిన. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చిండ్రో సైటు రాసిపెట్టుకునే చిట్టా అది. ఓటు ఎవరికేసిండ్రో మాత్రం చెప్పదు. సార్ పేరు మీద ఓటీపీ పోయిన నంబరు చదివిన. "గది నాది కాదు" అన్నడు. నేను ఆ నంబరుకు ఫోన్ కొట్టిన. బయటి గదిల రింగయింది.

ఫోన్ పట్టుకొని దేవదానం వచ్చిండు. ఇరవై ఏండ్ల సంది సార్ దగ్గర కంపౌండరు. సొంత నంబరు ఇస్తే మందుల కంపెనీల రెప్‌లు పరేషాన్ చేస్తరని, సభ్యత్వ ఫారంల సార్ ఇతని నంబరు రాసిండు. తర్వాత చూస్తే చానామంది డాక్టర్లది గదే కథ.

"ఏం మెసేజ్ వచ్చినా నన్నడగకు, నువ్వే చూస్కో అన్నది మీరే గద సార్. మంచి డాక్టరును ఎన్నుకోండ్రి అని లింకు వచ్చింది. ఎన్నుకున్న" అన్నడు దేవదానం, నింపాదిగ.

నవ్వాపుకోలేక నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఎన్నిక రద్దయింది. ఒక్కొక్క డాక్టరుతోని మాట్లాడి సొంత నంబర్లు ఎక్కించినం. మళ్ల ఓటింగు పెట్టినం.

రిజిస్టర్‌ల నంబరుంటే చాలదు, మోగించి ఎవరెత్తుతరో చూడాలె. గా పని నేను మొదలే చెయ్యాల్సింది, చెయ్యలే. సైటు మీద వెంకట్రావు సార్ మళ్ల ఫిర్యాదు చెయ్యలే. రెండోసారి ఆయనకు ఒక ఓటొచ్చింది.