నలభై జవాబులూ నావే

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి మాటకు ఎంత విలువుండేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరుస మొత్తానికి కంప్యూటర్ కోర్సు చదివిన ఏకైక మేధావిని నేను (ఆ కోర్సు సగంలో ఆగిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు). అందుకే అక్క పెళ్లి కుదరగానే, "శుభలేఖలు అచ్చువేయించడం పాత పద్ధతి నాన్నా, అందరికీ ఈమెయిల్ పంపేద్దాం" అన్నాను. లోకోషెడ్‌లో ఇంజన్లతో కుస్తీ పట్టే మా నాన్న కూడా "అచ్ఛా, అలాగే కానీ. సదువుకున్నోడివి" అని ఒప్పేసుకున్నాడు.

చిక్కల్లా ఒక్కటే, మా చుట్టాల్లో ఎవరికీ ఈమెయిల్ లేదు. దానికేం, బుధవారీ బజారు దగ్గర ఇంటర్నెట్ దుకాణంలో కూర్చుని నలభై మందికీ నేనే ఖాతాలు తెరిచాను, ఆహ్వానాలు పంపాను. అందాయో లేదోనని బెంగపట్టి, ఆ ఖాతాల్లోకి వెళ్లి నేనే చూశాను. అందాయి! అందిన శుభలేఖకు జవాబివ్వకపోతే మర్యాదగా ఉండదు కదా, ఆ పనీ నేనే చేశాను. పిన్ని పేరుతో "మోకాళ్ల నొప్పులు, అయినా వస్తాను" అనీ, బిలాస్‌పూర్ పక్కనే కోటాలో ఉండే మా పెద్ద మేనమామ పేరుతో "బుట్ట నేనే మోస్తాను, బెంగపడకండి" అనీ రాశాను. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సింది మేనమామే. అక్క చిన్నప్పటినుంచీ ఆ బుట్ట గురించే చెప్పుకునేది. జవాబులన్నీ ప్రింటు తీయించి ఇస్తే నాన్న మురిసిపోయి, మావయ్య కాగితం మాత్రం చొక్కాజేబులో పెట్టుకు తిరిగాడు. వాళ్లకు ఈమెయిల్ ఉందన్న సంగతి ఆ నలభై మందికీ చెప్పాలని మాత్రం నాకు తోచలేదు.

పెళ్లి వారంలోకి వచ్చింది. ఒకరోజు నాన్న డ్యూటీ నుంచి నిప్పులు కక్కుతూ వచ్చాడు. "స్టేషన్లో మీ మావయ్య నన్ను సూసి మొహం తిప్పేసుకున్నాడ్రా! ఏటి బావా అంటే, మేనగోడలి పెళ్లికి బొట్టెట్టి పిలవనోడితో మాటలేటి అంటాడు. రాసిచ్చి మరీ మాట తప్పుతాడేటి?" అంటూ ఆ కాగితం నా మొహం ముందు ఆడించాడు. లోపలి గదిలో అక్క "మావయ్య రాకపోతే నాను బుట్టెక్కను" అని ఏడుస్తోంది. వెళ్లి నిజం చెప్పేశాను. అక్క ఏడుపు ఆపి, నన్ను ఎగాదిగా చూసి, కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. "నువ్వే ఎల్లి తీసుకురా. లేకపోతే నాన్నకి సెప్పేస్తాను."

పాసింజర్ రైలెక్కి కోటా వెళ్లాను. అత్తకు బొట్టు పెట్టబోతే "మగోడివి, నువ్వెట్టడమేట్రా" అని భరిణె లాక్కుని తన బొట్టు తనే పెట్టుకుంది (ఆ పెళ్లికి నేను చేసిన పిలుపులన్నీ అలాగే జరిగాయి). మావయ్య అంతా విని, "ఏదీ, నానేటి రాసేనో సదువు" అన్నాడు. నాన్న జేబులోంచి తెచ్చిన కాగితం తీసి చదివాను. మళ్లీ చదవమన్నాడు.

"బాగానే రాసేన్రా," అన్నాడు గడ్డం నిమురుకుంటూ. "ఇప్పుడు నాను రాకపోతే నా మాటే పోద్ది కదేటి!"

వచ్చాడు. మోశాడు. రెండో వైపు నన్ను పట్టమన్నాడు, పట్టేసిన నా నడుము వారం దాకా వదల్లేదు. మిగతా ముప్పైతొమ్మిది మందినీ నాన్నకు తెలియకుండా అమ్మ కాళ్లరిగేలా తిరిగి పిలిచింది. పిన్ని కూడా వచ్చింది. మోకాళ్ల నొప్పుల మాట నిజమే.

మొన్నీమధ్య ఆ అక్క కూతురికే పెళ్లి కుదిరింది. శుభలేఖ నా ఫోన్‌లోకి వచ్చింది, కింద జవాబు రాయడానికి చోటుంది. ఉన్న ఒక్కగానొక్క మేనమామను, నాకూ ఫోన్‌లోనేనా? నాలుగు రోజులు జవాబివ్వకుండా బిగదీసుకు కూర్చున్నాను. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే ఎవరైనా బొట్టు పెట్టడానికి వచ్చారేమోనని చూసేవాణ్ని. ఆనాడు కోటా మావయ్య ఎంత నొచ్చుకున్నాడో అప్పుడు తెలిసొచ్చింది.

ఐదోనాడు మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, ఆప్‌కా జవాబ్ మిల్ గయా! బుట్ట నేనే మోస్తాను, బెంగపడకండి అని రాసారు కదా, సో స్వీట్!"

వెనకనుంచి అక్క పగలబడి నవ్వడం వినిపించింది. నేను నడుము నిమురుకుంటూ, బాగానే రాశాను అనుకున్నాను.